ఎట్ల చేసినావురా?

 

ఈ బడిలో మాకు చదువు చెప్పిన అయ్యవారి పేరు మీద ఏటా ఒక ఉపన్యాసం జరగాలని పూర్వ విద్యార్థుల సంఘం అనుకున్నప్పుడు మొదటిది నన్ను చేయమన్నారు. విషయం కూడా వాళ్లే ఇచ్చారు: సాంకేతికతతో బోధన ఎట్లా మెరుగవుతుంది, చదువు అందనివాళ్లకు ఎట్లా అందుతుంది అని. డైట్ కళాశాలలో ఇరవై ఏళ్లకు పైగా కాబోయే టీచర్లకు నేను చెప్పిన పాఠం ఇదే. ఆ నోట్సు తెచ్చి చదివేస్తే సరిపోతుందనుకున్నాను. తీరా తీసి చూస్తే, అందులో ఉన్న ముఖ్యమైన సంగతులన్నీ ఈ బడి వరండాలో, ఒక పలక మీద, ఎనిమిదేళ్లప్పుడే నాకు ఎదురయ్యాయని అర్థమైంది. అందుకని నోట్సు ఇంట్లోనే వదిలి వచ్చాను. పలకతో మొదలుపెడతాను.

యాభైరెండులోంచి ముప్పైఏడు తీసెయ్యమన్నారు. నేను ఇరవైఐదు అని రాశాను. అయ్యవారు నా పలక చేతిలోకి తీసుకోగానే వీపు బిగించుకున్నాను. అంతకుముందు నేను చదివిన బడిలో తప్పు లెక్కకు జవాబు వీపు మీదే దొరికేది. ఆయన పలక తుడవలేదు, తప్పు అని కూడా అనలేదు. “ఎట్ల చేసినావురా?” అన్నారు. చెప్పాను. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి మూడు పోతే రెండు. “ఏడులోంచి రెండు ఎందుకు తీసినావు?” అన్నారు. “పెద్దదాంట్లోంచే గదా అయ్యవారూ చిన్నది తీసేది” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “నువ్వు చెప్పిందీ నిజమే. నీకు చెప్పినోళ్లు సగమే చెప్పినారు” అన్నారు. తర్వాత చీపురుపుల్లలు తెచ్చారు. పదేసి పుల్లలు దారంతో కట్టిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు నా ముందు పెట్టి, “నాకు ఏడు పుల్లలు ఇయ్యి” అన్నారు. రెండే ఉన్నాయి. ఆయన ఏమీ చెప్పకుండా కూర్చున్నారు. చాలాసేపటి తర్వాత నేనే ఒక కట్ట దారం విప్పాను.

ఆ దారం విప్పిన సంగతి ఈ రోజుకీ నా వేళ్లకు గుర్తుంది. ‘పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకో’ అని అంతకుముందు నాకు పదిసార్లు చెప్పి ఉంటారు. అప్పు అంటే ఏమిటో తెలిసింది మాత్రం ఆ రోజే.

పిల్లలు తెలియక ఏదో ఒక అంకె వేసేస్తారని మనం అనుకుంటాం. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అది నిజం కాదని చూపించారు. పిల్లలు తీసివేతల్లో చేసిన తప్పులను పెద్ద సంఖ్యలో సేకరించి కంప్యూటర్‌తో పరిశీలిస్తే, చాలా తప్పుల వెనక ఒక నియమం కనిపించింది. పిల్లవాడు ఆ నియమాన్ని చాలా శ్రద్ధగా పాటిస్తున్నాడు. నియమమే సగం విరిగిపోయి ఉంది. అట్లాంటి నియమాల్లో తరచుగా కనిపించేది నా పలక మీదిదే: పైనున్నా కిందున్నా సరే, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడం. వాళ్లు రాసిన ప్రోగ్రామ్ పేరు ‘బగ్గీ’. అది ఒక పిల్లవాడి మాదిరి పట్టుదలగా తప్పులు చేస్తుంది. ఎదురుగా కూర్చున్న టీచరు ఇంకో లెక్క, ఇంకో లెక్క ఇచ్చి, ఆ తప్పు ఎక్కడి నుంచి పుడుతున్నదో కనిపెట్టాలి. అంటే కంప్యూటర్‌ను పిల్లలకు పాఠం చెప్పడానికి కాక, పిల్లలను చదవడం టీచరుకు నేర్పడానికి వాడారు. విద్యలో యంత్రానికి ఇంతకంటే మంచి పని అప్పగించినవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు.

నా మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఒక రేడియో వచ్చినా, ఒక టీవీ వచ్చినా, ఒక ట్యాబ్ వచ్చినా నేను అడిగేది ఒకటే: ఇది వచ్చిన తర్వాత ‘ఎట్ల చేసినావురా’ అని పిల్లవాణ్ణి అడగడం పెరిగిందా, తగ్గిందా?

మన ఊరికి మొదట వచ్చిన యంత్రం టీవీ. ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఏడాది పాటు, ఇస్రో వాళ్లు అమెరికా నాసా ఉపగ్రహం ఏటీఎస్-6ను వాడుకుని ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ప్రయోగం పేరు ‘సైట్’. అహ్మదాబాద్‌లో యశ్‌పాల్ గారి నాయకత్వంలోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ దాన్ని నడిపింది. సెట్లు తయారైంది మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. వెనకబడిన ప్రాంతాల్లోని ఊళ్లను వెతికి వెతికి ఎంచుకున్నారు. బడి ముందర పది అడుగుల వెడల్పున తీగ జల్లెడతో ఒక పెద్ద గొడుగు నిలబెట్టారు. కోళ్ల గూటికి కొట్టే వల మాదిరి ఉండేది. ఆకాశంలోంచి బొమ్మ దిగి దాంట్లో పడుతుందని మాకు మేమే చెప్పుకున్నాం. పొద్దున పిల్లలకు ఇరవై నిమిషాల పైచిలుకు కార్యక్రమం, సాయంత్రం ఊరందరికీ వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు.

ఆ ఉపగ్రహంలో నాకు ఈనాటికీ ముచ్చటేసే ఏర్పాటు ఒకటి ఉంది. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు పంపొచ్చు. బొమ్మ పంపడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే మాట పంపడానికి అయ్యేది తక్కువ. మన సరిహద్దు ఊళ్ల సంగతి మీకు తెలుసు. తరగతిలో సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు, బడిలో తెలుగు వింటారు. యాభై ఏళ్ల కింద ఆకాశంలో తిరిగే యంత్రానికి తెలిసిన ఆ మర్యాద, నేల మీదున్న మన బడులకు ఇంకా పూర్తిగా అబ్బలేదు. ఈ మధ్య ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు రెండూ వేయడం మొదలుపెట్టారు. అది మంచి పని. తెలిసిన భాషను ఊతంగా పట్టుకునే కదా తెలియని భాషలోకి కాలు మోపేది.

సరే, టీవీ దగ్గరికి వస్తాను. కార్యక్రమం అయిపోగానే అయ్యవారు సెట్టు ఆపి, దాని మీద పాత పంచె కప్పేవారు. తర్వాత మా వైపు తిరిగి, “ఏం జూసినార్రా? చెప్పండి” అనేవారు. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. ఎదురుగా బొమ్మ ఉన్నంతసేపు అన్నీ తెలిసినట్టే ఉండేది. పంచె కప్పగానే అంతా ఖాళీ. రెండో వారానికి ఒకడు సగం చెప్తే ఇంకొకడు అందుకునేవాడు. గాలికి బరువుంటుందని బొమ్మలో చూపించిన రోజు మేము పెద్దగా వాదించుకున్నాం. ఆ వాదన అరగంట సాగింది. ఇరవై నిమిషాల టీవీకి అరగంట మాటలు. సైట్ కాలంలో ప్రాథమిక బడుల టీచర్లకు సైన్సు చెప్పడంలో శిక్షణ కూడా ఇచ్చారు. వేల మంది పాల్గొన్నారు, అయ్యవారూ వెళ్లొచ్చారు. పంచె కప్పడం మాత్రం ఆ శిక్షణలో నేర్పింది కాదు. అది ఆయన సొంతం.

ముప్పై ఏళ్ల తర్వాత, 2006లో, రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రయోగం చేశారు. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒకే విడత చదివి, మిగతా మూడు విడతలూ కాగితం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లే బాగా చెప్పారు: 83 శాతం, రెండోవాళ్లు 71. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చదివి చదివి వచ్చినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. ఈ అంకెలు నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌కూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ పంచె కళ్ల ముందు ఆడేది. మనసు చదివినప్పటి కంటే, చదివినదాన్ని లోపల్నుంచి తోడుకున్నప్పుడు ఎక్కువ నేర్చుకుంటుంది. వీడియో పాఠం ఎంత బాగుంటే అంత ప్రమాదం కూడా ఉంది. నున్నగా సాగిపోయే మాట చెవికి తియ్యగా ఉంటుంది, వచ్చేసిందన్న భ్రమ కలిగిస్తుంది.

ఆ టీవీ ఏడాదికి మూగబోయింది. ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది. మా వరండాలో మాత్రం “చెప్పండ్రా” అనడం ఆగలేదు. టీవీ స్థానంలో ఆయన ఒక కప్పను, ఒక గోగు మొక్కను, ఒకసారి పాడైపోయిన సైకిల్ బెల్లును పెట్టారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. 1953 దాకా మన తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేదని మీకు తెలుసు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ జవాబు రాశాడు. అంతకు ఏడేళ్ల ముందే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి అచ్చు వేయించినవాడు అతను. జిల్లాలో 533 బడులున్నాయన్నాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారని, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్తారని, ఇంత తక్కువ ఖర్చుతో ఇట్లా నేర్పడం మెచ్చుకోదగ్గదని, ఇంగ్లండు దీన్ని అనుకరించడంలో న్యాయం ఉందని రాశాడు. ఆ అనుకరణ నిజమే. మద్రాసులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడిలో ఇసుక రాత చూసి తన ఆశ్రమంలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో అది ఇంగ్లండులో వేల బడులకు పాకింది. కాగితం లేని చోట ఇసుక, పంతుళ్లు చాలని చోట పెద్ద పిల్లవాడు. మన వీధిబడి సాంకేతికత అది.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. మన గొప్ప చెప్పుకునేటప్పుడు దాన్ని వదిలేయడం నాకు నచ్చదు. పిల్లలు అర్థం తెలియని పద్యాలను చిలక మాదిరి వల్లిస్తారని, చెప్పే పంతులుకే చాలాసార్లు వాటి అర్థం తెలియదని అన్నాడు. పేదరికం వల్ల పిల్లలను కొంచెం చేతికి రాగానే బడి మాన్పించి పనికి పెడుతున్నారని కూడా రాశాడు. పరాయి పాలకుడి మాట కదా అని కొట్టిపారెయ్యలేం. రెండు వందల ఏళ్ల తర్వాత, అరచేతిలో ఇమిడే తెర మీద, ఇంగ్లీషులో సాగే వీడియో ముందు కూర్చుని తలూపుతున్న మన పిల్లను చూసినప్పుడు నాకు ఆ నివేదికే గుర్తొస్తుంది. ఇసుక పోయి గాజు తెర వచ్చింది. వల్లెవేత అట్లాగే ఉంది. పని కోసం బడి మాన్పించడమూ ఉంది.

బాగా పేరుపడిన ఒక బోధనా యంత్రం ఒక తండ్రి కోపంలోంచి పుట్టింది. 1953లో హార్వర్డ్ ఆచార్యుడు బి.ఎఫ్. స్కిన్నర్ తన కూతురి లెక్కల తరగతి చూడ్డానికి వెళ్లాడు. అందరికీ ఒకే లెక్క ఇచ్చారు. వచ్చినవాళ్లు ఖాళీగా కూర్చున్నారు, రానివాళ్లు కుములుతున్నారు. తప్పో ఒప్పో తెలియాలంటే మర్నాటిదాకా ఆగాలి. ఇంటికొచ్చి, వెంటనే తప్పొప్పులు చెప్పే, ఎవరి వేగంతో వాళ్లు సాగే యంత్రం తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆయన గుర్తించిన రెండు లోపాలూ నిజమైనవే, ఈ రోజుకీ మన తరగతుల్లో ఉన్నాయి. ఆయన యంత్రానికి మాత్రం జవాబు తప్పని తెలుసు, ఎందుకు తప్పిందో తెలియదు. నా ఇరవైఐదు దానికి వట్టి తప్పే.

ఆ తర్వాత బెంజమిన్ బ్లూమ్ 1984లో విద్యారంగానికి ఒక సవాలు విసిరాడు. ఒక్కో విద్యార్థికి ఒక్కో గురువు తోడుంటే, సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలో నూటికి తొంభైఎనిమిది మందిని దాటిపోతాడని తన శిష్యుల ప్రయోగాలు చూపించి, ఇంత ఫలితాన్ని మామూలు ఖర్చుతో, తరగతి గదిలో తేగలమా అని అడిగాడు. అంత పెద్ద ఫలితం తర్వాతి పరిశోధనల్లో రాలేదు. ఆ సంగతి చెప్పకుండా ఆ అంకెను మాత్రం ప్రకటనల్లో వాడుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. అయినా అసలు విషయం నిలబడింది. పక్కన కూర్చుని అడిగే మనిషి ఉంటే పిల్ల నేర్చుకుంటుంది. రష్యాలో వైగాట్‌స్కీ అంతకు యాభై ఏళ్ల ముందే ఈ సంగతి ఇంకో రకంగా చెప్పి, ముప్పైఏడేళ్లకే కన్నుమూశాడు. పిల్ల తనంతట చేయగలిగినది ఒకటి, తోడుంటే చేయగలిగినది ఒకటి. చదువు జరిగేది ఆ రెండింటి మధ్య జాగాలోనే అన్నాడు. కట్ట ముందర పెట్టి, దారం నన్నే విప్పనిచ్చిన ఆ నిమిషం ఆ జాగాలోదే.

ఇప్పుడు మనకు బాధ కలిగించే సంగతి చెప్పాలి. ఆ జాగా పిల్లపిల్లకూ వేరు. మన పాఠం మాత్రం ఒకటే. 2015లో ఢిల్లీలో ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలు 619 మందితో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ ఒక పరిశోధన చేశారు. ఆరో తరగతి పిల్ల లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకపడి ఉంది. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులయింది. అంటే బడికి వచ్చి కూర్చున్న కొద్దీ పాఠం ఆ పిల్లకు దూరంగా జరుగుతున్నది. వెనకబడిన మూడో వంతు పిల్లలకు బడి ఏడాది పొడుగునా దాదాపు ఏమీ చేర్చలేకపోయింది. ఆ పిల్లల్లో కొందరికి బడి తర్వాత రోజూ కంప్యూటర్ మీద కొంతసేపు, గురువు దగ్గర చిన్న గుంపులో కొంతసేపు చదివే వీలు కల్పించారు. ఆ ప్రోగ్రామ్ ముందుగా పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూస్తుంది, తరగతి ఏదైనా సరే అక్కణ్ణుంచి మొదలుపెడుతుంది, చేసే తప్పును బట్టి తర్వాతి ప్రశ్న ఇస్తుంది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది.

దీని పక్కన పెరూ దేశాన్ని పెట్టి చూడండి. అక్కడి పల్లె బడుల్లో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 బడుల్లో చేసిన అధ్యయనం 2012లో బయటికొచ్చింది. కంప్యూటర్లు వచ్చాయి, పిల్లలు వాడారు. లెక్కల్లో, భాషలో మాత్రం ఏ మార్పూ లేదు. రెండు చోట్లా యంత్రమే. ఒకచోట పిల్ల ఎక్కడుందో అడిగే ఏర్పాటు ఉంది, ఇంకోచోట లేదు. కంప్యూటర్ లేకుండా కూడా ఇది చేయొచ్చని ప్రథమ్ సంస్థ చూపించింది. తరగతి గోడలు పక్కన పెట్టి, అక్షరాలు వచ్చినవాళ్లు, పదాలు వచ్చినవాళ్లు, కథ చదవగలిగినవాళ్లు అని రోజులో కాసేపు పిల్లలను వాళ్ల మెట్టును బట్టి కూర్చోబెడతారు. కావలసింది ఒక చిన్న కాగితం, పిల్ల పక్కన కూర్చోవడానికి ఐదు నిమిషాలు.

అందడం గురించి చెప్తానన్నాను కదా. మా అక్క కథతో చెప్తాను. అక్కను ఐదో తరగతిలో మాన్పించారు. పద్నాలుగేళ్లకు పెళ్లి. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, దేశంలోనే మొదటిది. ఆ తర్వాత దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. మొదటి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి గారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే మొదటి ఉపకులపతి అయ్యారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఒక వాకిలి ఉండేది: పది, ఇంటరు సర్టిఫికెట్లు లేకపోయినా, వయసు ఉండి అర్హత పరీక్ష రాసి నెగ్గితే ఆ సార్వత్రిక డిగ్రీలో చేరే వీలుండేది. ఆ వాకిలి గురించి అక్కకు చెప్పింది అయ్యవారే. పుస్తకాలు తెలుగులో వచ్చేవి, ఆదివారాలు క్లాసులు, రేడియోలో పాఠాలు. ఇద్దరు పిల్లల తల్లి వంటింట్లో రేడియో పెట్టుకుని చరిత్ర పాఠం వినడం నేను చూశాను. ఆ పుస్తకాల్లో పాఠం నడుమ ఆగి ఒక ప్రశ్న అడిగి, కింద గీతలు ఖాళీగా వదిలేవాళ్లు. అక్క ఆ గీతల్లో పెన్సిలుతో రాసేది, తుడిపి మళ్లీ రాసేది. “పుస్తకం నన్ను అడుగుతుందిరా” అని నాతో అన్నది. ముందే అచ్చయిన కాగితం అంతకంటే మర్యాదగా ఎట్లా అడగగలదు? నికరాగువాలో 1970లలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు రేడియోలో లెక్కలు నేర్పినప్పుడు కూడా ఇదే చేశారు. ప్రశ్న అడిగి రేడియో ఆగేది. ఆ ఖాళీలో తరగతి అంతా గట్టిగా జవాబు చెప్పేది.

అక్క డిగ్రీ పట్టా తెచ్చిన రోజు అయ్యవారి ఇంటికే మొదట వెళ్లింది. ముందు వరసలో కూర్చున్న అయ్యవారి ఇంటి అమ్మగారికి గుర్తుంటుంది.

అక్క దగ్గరికి రేడియో వచ్చినట్టే, 1935లో గుంటూరు ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి గట్టుకు పోవాలన్నది ఆ పడవ వెనకున్న ఆలోచన. మన వైపు పడవలు తిరిగే కాలువలు లేవు. మనకున్నది సుగ్గి. పత్తి తీతకు, మిరప కోతకు ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు కదులుతాయి. పిల్లలు వెంట పోతారు. తిరిగొచ్చేసరికి తరగతి భాగహారం దాటి భిన్నాల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. ఆ పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి కాబట్టి చదువు అందినట్టే లెక్క. ఉపాధ్యాయుడిగా నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఈ అబద్ధపు అందడమే.

కోవిడ్ కాలం ఈ అబద్ధాన్ని ఊరందరికీ చూపించింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి, తెలంగాణలో టీ-సాట్ ఛానెళ్లు పాఠాలు వేశాయి. ఆ పని చేసిన టీచర్లు నిజంగా కష్టపడ్డారు. కెమెరా ముందు నల్లబల్ల మీద ఒంటరిగా రాయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అయితే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో చేలోకి పోయేది. 2021 జనవరిలో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది పిల్లలను పరీక్షించింది. ముందటి ఏడాది వచ్చిన వాటిలో భాషకు సంబంధించి ఏదో ఒక సామర్థ్యాన్నైనా పోగొట్టుకున్నవాళ్లు 92 శాతం, లెక్కల్లో 82 శాతం. సుగ్గి నుంచి తిరిగొచ్చే పిల్లకు ఏటా జరిగేది ఇదే. ఆ ఏడాది అందరికీ జరిగింది కాబట్టి అందరికీ కనిపించింది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. పిల్ల లెక్క ఫొటో తీస్తే జవాబు, దాని వెనక మెట్లు, అన్నీ తెలుగులో కూడా వచ్చేస్తాయి. దీన్ని చూసి భయపడేవాళ్లలో నేను లేను, మురిసిపోయేవాళ్లలోనూ లేను. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది. లెక్కలు సాధన చేసేటప్పుడు కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. సాధనలో వాళ్ల మార్కులు 48 శాతం పెరిగాయి. తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, అసలు ఎన్నడూ దాన్ని వాడనివాళ్లకంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ఇంకో గుంపుకు ఇచ్చిన చాట్‌బాట్‌కు టీచర్లు ముందే కట్టడి పెట్టారు: జవాబు చెప్పొద్దు, ఇక్కడ పిల్లలు చేసే తప్పులు ఇవి, సూచన మాత్రం ఇవ్వు అని. ఆ గుంపుకు ఆ నష్టం చాలావరకు తప్పింది. లోపలున్న యంత్రం రెండింటికీ ఒకటే. రెండోదానికి తప్పుల సంగతి తెలిసిన టీచర్లు అడగడం నేర్పారు.

అందుకే సంఘం వాళ్లకు ఒక విన్నపం. అయ్యవారి పేరు మీద పోగైన డబ్బుతో బడికి పెద్ద డిజిటల్ బోర్డు కొనాలనుకుంటున్నారని తెలిసింది. మంచి మనసుతో అనుకున్నదే. బోర్డు మీద బొమ్మలు బాగుంటాయి, పిల్లలు ఇష్టపడతారు. నేను కోరేది వేరే. ఆ డబ్బును బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఏటా సుగ్గి నుంచి పిల్లలు తిరిగొచ్చే రెండు నెలలూ ఒక టీచరమ్మను పెట్టండి. ఆ రెండు నెలలూ ఆమెకు సిలబస్ ఒత్తిడి వద్దు. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే ఆమె పని. ఆ పనికి కావాలంటే నాలుగు ట్యాబులు కొనండి. పిల్ల మెట్టు చూసే ప్రోగ్రాములు ఇప్పుడు ఉన్నాయి. ఒకరిని ఆమె చూస్తుండగా మిగతావాళ్లు వాటి మీద సాధన చేస్తారు. సాధన పూర్తయ్యాక ఆ తెర టీచరమ్మ వైపు తిరగాలి, ఏ తప్పు ఎన్నిసార్లు జరిగిందో ఆమెకు చూపించాలి. అది చూపించని ట్యాబ్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఈ మాట నా సొంతం కూడా కాదు. పోయిన నెల అమ్మగారిని చూడ్డానికి వెళ్తే, ఇనప పెట్టెలోంచి ఒక నోటుపుస్తకాల కట్ట తీసి నా చేతిలో పెట్టారు. అయ్యవారి చేతిరాత. లోపల పాఠ్య పథకాలు ఉంటాయనుకున్నాను. అన్నీ తప్పులు. ఏ పిల్ల, ఏ రోజు, ఏ తప్పు చేసింది, అడిగితే ఏం చెప్పింది. నా ఇరవైఐదు కూడా ఉంది. దాని పక్కన ‘పెద్దదాంట్లోంచి చిన్నది అంటాడు. కట్ట విప్పినాడు’ అని ఉంది.

చివరి పుస్తకంలో చివరి పేజీ ఆయన రిటైరయిన ఏడాదిది. ఒక అమ్మాయి పేరు రాశారు. పేరు నేను చదవను, ఆమె ఇప్పుడు ఈ సభలో ఉండొచ్చు. దాని కింద ఉన్నది మాత్రం చదువుతాను:

‘ఉగాది ముందర రోజు సుగ్గి నుంచి వచ్చింది. పన్నెండో ఎక్కం దాకా వచ్చు. 412ను నాలుగుతో భాగిస్తే 13 అన్నది. సున్నా ఎందుకు పెట్టలేదంటే, ఏమీ రానప్పుడు ఏం రాయాల అన్నది. మంచి ప్రశ్న. పుల్లలు తెచ్చేలోపల బెల్లు కొట్టినారు. రేపు పొద్దున్నే అడగాల.’